పసుపు పూసిన చక్రాలు

ఇలా వచ్చి సరిగ్గా కూర్చో. మంచం పట్టె మీద కాదు, కుర్చీలో. చెప్పేది మొత్తం విను, విన్నది విన్నట్టు రాయి. నా మాటల్ని నువ్వేమీ మెత్తబరచకు. మీ చిన్నతాత చదివితే బాధపడతాడేమోనని నీ భయం. ఆయన చదవడు. కార్ల పత్రికల్లో బొమ్మలు చూస్తాడు, అంతే.

తొంభైల చివర సంగతి. ధవళేశ్వరంలో ఉండేవాళ్ళం. మీ తాతగారి ఇరిగేషన్ ఆఫీసు ఇంటికి నాలుగడుగులు. నేను రాజమండ్రిలో స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. సిటీ బస్సులో ఒంటికాలి మీద నిలబడి, చీర నలిగిపోయి, క్లాసుకి వెళ్ళేసరికి పిల్లల్ని తిట్టడానికి కూడా ఓపిక ఉండేది కాదు. అందుకని ఒక డాక్టరుగారు అమ్మేస్తున్న పాత బుల్లి కారు కొన్నాం. అప్పటికే దానికి పాతికేళ్ళు. మీ తాతగారికి స్టీరింగ్ అంటే భయం, ముట్టుకోలేదు. నేనే నేర్చుకున్నాను. ఆరేళ్ళు అందులోనే స్కూలుకి వెళ్ళొచ్చాను. ఆడమనిషి కారు నడుపుతోందని నవ్వే మగాళ్ళు ఎదురైతే, పక్కకొచ్చాక హారన్ కొట్టేదాన్ని.

ఒక వేసవిలో ముందు చక్రం ఇనుప రిమ్ము, బోల్టులు దూరే కన్నాల చుట్టూ పగుళ్ళిచ్చింది. మిగతావాటినీ తుప్పు తినేసిందనీ, నాలుగూ మార్చేదాకా రోడ్డెక్కవద్దనీ మెకానిక్ చెప్పాడు. ఆ కారు తయారుచేయడం మానేసి చాలాకాలమైంది, కొత్త రిమ్ములు దొరకవు. మీ తాతగారికి ఇదే సందు దొరికింది. స్కూళ్ళు తెరిచేలోపు చక్రాలు కుదిరితే సరే, లేకపోతే అమ్మేద్దాం, మళ్ళీ బస్సులో వెళ్దువుగాని అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో. బస్సులో నిలబడేది ఆయన కాదుగా.

అప్పుడు దిగాడు మీ చిన్నతాత. ఎరువుల కొట్టు పెట్టుకున్న మనిషి. సొంత కారు లేదు. స్కూటరు చక్రంలో గాలి పోతే దాన్ని తిట్టుకుంటూ తోసుకెళ్ళేవాడు. అయినా మా ఇంట్లో చక్రాల విషయంలో ఆయన మాటే చెల్లింది, గొంతు పెద్దది కాబట్టి. వెళ్ళి నాలుగు రిమ్ములు తెచ్చాడు. తళతళా మెరుస్తూ, నక్షత్రాల్లా ఆకులు చెక్కి, పాతవాటికి ఒకటిన్నర రెట్లు వెడల్పు. వాటికి తగ్గ లావుపాటి టైర్లు. బక్క మనిషికి పెద్దాయన బూట్లు తొడిగినట్టుంది. ఇంత వెడల్పైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల తగలదా అని అడిగాను. బోల్టు కన్నాలు సరిపోయాయి కదా, ఇంకేం కావాలన్నాడు.

"మీరు స్టీరింగ్ పట్టుకోండి చాలు వదినగారూ. చక్రాల సంగతి మాకొదిలేయండి" అన్నాడు.

మాకట. మీ తాతగారు పక్కన నిలబడి తల ఊపారు. ఆ తల ఊపడంలో ఆయనకి చాలా అనుభవం ఉండేది.

మెకానిక్ పాపం బుద్ధిగా చెప్పాడు, ముందు ఒక చక్రం బిగించి చూద్దామండి, మనుషుల్ని ఎక్కించి ఒకసారి తిప్పి చూసి అప్పుడు మిగతావి బిగిద్దామండి అని. ఎవరు వింటారు? మంచి గడియ దాటిపోతోందని మీ చిన్నతాత గోల. బిగించకముందే నాలుగింటికీ పసుపు రాయించి, బొట్లు పెట్టించాడు. బిగించాక తను ఒక్కడే మెకానిక్ పక్కన కూర్చుని, కాలవ గట్టు మీద తిన్నగా ఒక కిలోమీటరు వెళ్ళొచ్చి, విమానంలా ఉందన్నాడు. నా స్కూలు ప్రయాణం తప్ప, మన ఇంట్లో కారు ఇద్దరితో ఎప్పుడైనా కదిలిందా? ఆ తిన్నగా ఉన్న గట్టు మీద ఎడ్లబండి కూడా విమానంలానే పోతుంది.

మర్నాడు అన్నవరం ప్రయాణం, కారుకి పూజ చేయించడానికి. ఏడుగురం. మీ చిన్నతాత, మా తోడికోడలు, వాళ్ళ పిల్లలిద్దరు, మీ నాన్న, మీ తాతగారు, నేను. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. తుని వైపు హైవే మీద గుంట వచ్చినప్పుడల్లా వెనక బర్రుమని చప్పుడు. కొత్తవి కదా, అలవాటు పడతాయన్నాడు మీ చిన్నతాత. చెప్పులా అలవాటు పడటానికి? కొండ ఎక్కే మలుపులో తిప్పేసరికి టైరు మడ్‌గార్డుకి రాసుకుని కాలిన రబ్బరు వాసన. అందరూ దిగి నడిచారు. ఆయన మాత్రం దిగాడు గాని నడవలేదు, కారు ముందు నిలబడి కుడికి, ఎడమకి అంటూ చేతులూపాడు. పూజ అయింది, నిమ్మకాయలు తొక్కించాం, అదే చప్పుడుతో ఇల్లు చేరాం.

వెనక్కిచ్చేద్దామంటే, పసుపు తగిలిన సరుకు తీసుకోనన్నాడు కొట్టువాడు. తీసి పడేద్దామంటే, స్వామి సన్నిధిలో పూజ అందుకున్న చక్రాలు తీయకూడదన్నారు మీ తాతగారు. కాబట్టి చక్రాలతో సహా అమ్మేయాలట. ఆదివారం చూడ్డానికి ఒకాయన్ని రమ్మన్నారు కూడా. నాకు చెప్పకుండా.

నేనప్పుడు అరవలేదు. స్కూల్లో బోర్డు మీద గీతలు గీసే చెక్క స్కేలు, జాకెట్లు కొలిచే టేపు సంచిలో వేసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పగిలిన పాత రిమ్మును బోర్లించి, లోపలి అంచు మీద స్కేలు అడ్డంగా పెట్టి, అక్కణ్ణుంచి బోల్టులు బిగిసే పలక ఎంత లోతులో ఉందో కొలిచాను. చక్రం ఎంత లోపలికి కూర్చోవాలో చెప్పేది ఆ లోతే. వెడల్పు రాసుకున్నాను. కన్నాలు కాగితం మీద అచ్చు తీసుకున్నాను. ఆరో క్లాసు పిల్ల చేసే పని. మన ఇంటి మగాళ్ళకి తట్టలేదు.

రాజమండ్రిలో పాత కార్ల సామాన్ల కొట్లు తిరిగాను. ఒకడు కొత్త పెయింటు వేసిన రిమ్ము ముందు పెట్టి, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండమ్మా అన్నాడు. కళ్ళు తెరిచే ఉంచి, కన్నాల పక్కన గోరుతో గీకాను. పెయింటు లేచింది, కింద వెల్డింగ్ అతుకు. మీ చిన్నతాత అయితే ఆ పెయింటు చూసే దండేసేవాడు. మూడో కొట్టులో దొరికాయి, సన్నటివి, బూడిద రంగువి, చూపుకి ఏమీ లేనివి. లోతు సరిపోయింది. ఒక్కొక్కటి ఇరుసుకి ఎక్కించి తిప్పించాను, వంకర లేకుండా తిరిగినవే తీసుకున్నాను.

ఇంటికొస్తే మీ తాతగారు మళ్ళీ పూజ సంగతి ఎత్తారు.

"స్వామి కారుని దీవించాడా, మీ తమ్ముడి తెలివిని దీవించాడా? కారునే అయితే అది ఇక్కడే ఉందండి" అన్నాను.

ఆయన పేపరు పట్టుకుని అరుగు మీదకి వెళ్ళిపోయారు. పాత టైర్లే వేయించి ఆ సన్నటి రిమ్ములు బిగించాక, ఆ ఏడుగుర్నే మళ్ళీ ఎక్కించాను. మీ చిన్నతాతని కావాలనే వెనక చక్రం మీదకొచ్చేలా కూర్చోబెట్టాను. బ్యారేజీ దాకా తీసుకెళ్ళి, ఈ కొసకి ఆ కొసకి స్టీరింగ్ తిప్పాను. చప్పుడు లేదు, వాసన లేదు. ఆయన కూడా నోరెత్తలేదు, అది అసలైన వింత.

ఆదివారం ఆ కొనేవాయన వచ్చాడు. మీ తాతగారు అరుగు మీద మర్యాదలు మొదలుపెట్టారు. నేను వెళ్ళి తాళంచెవి పర్సులో వేసుకుని, రేపటి నుంచి స్కూలుందండి, కారు అమ్మకానికి లేదండి అని చెప్పి కాఫీ ఇచ్చి పంపించాను. మీ తాతగారు మళ్ళీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదు. మీ చిన్నతాత మాత్రం ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనిపించిన వాళ్ళందరికీ, మా వదినగారి కారుకి చక్రాలు ఎంచింది నేనేనండి అని చెప్పుకుంటాడు. మొన్న నా ఎదురుగానే అంటుంటే, నేను ఆయన ముఖంలోకి చూసి, ఏవి, ఆ పసుపు పూసినవా అని అడిగాను... ఆఁ, వస్తున్నానే కోడలా, చారు పోసేయకు, ముందు పప్పు...