ఆకుపచ్చ తవుడు

డబ్బాలో తవుడు మారిపోయిందని గుప్పెడు బాబాయికి తెలుసా, తెలియదా? ఆయన అన్నగారి కూతురు ఈ ప్రశ్నను ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి చూసుకుంటోంది. తెలుసనుకుంటే ఒక రకంగా నవ్వొస్తుంది, తెలియదనుకుంటే ఇంకో రకంగా. జవాబు మాత్రం రాలేదు.

మీసాలు రాకముందు గుర్రాల పెంపకశాలలో చేరిన బాబాయి, మీసాలు నెరిసినా అక్కడే ఉన్నాడు. పాలు మానిన గుర్రప్పిల్లల్ని సాకడం ఆయన పని. గుప్పెడు అనే పేరు ఆయన చేతిని చూసి పెట్టింది. మన దోసిలి ఎంతో ఆయన గుప్పెడు అంత. అడిగినవాళ్ళకు ఆ గుప్పెడుతో ఇచ్చేవాడు, అడగనివాళ్ళకు ఇంకాస్త ఎక్కువ ఇచ్చేవాడు. కూరలో ఉప్పు తగ్గిందేమోనని పిన్ని నోరు జారిందా, ఆ పూట ఇంటిల్లిపాదీ మంచినీళ్ళతో కడుపు నింపుకోవలసిందే. అందుకే పిన్ని ఆయన్ని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. గుర్రాలకు అలా అడ్డుపడే పిన్ని లేదు.

అన్నగారి కూతురు పశుపోషణ చదువుకుని అదే పెంపకశాలలో దాణా గదికి పెద్దగా వచ్చింది. చిన్నప్పుడు తనను ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టిన చేతికే ఇప్పుడు కొలత నేర్పాల్సి వచ్చింది. ఎదిగే పిల్లకు ఎముక గట్టిపడాలంటే సున్నం, భాస్వరం రెండూ కావాలనీ, సున్నం రెండు పాళ్ళుంటే భాస్వరం ఒక పాలు ఉండాలనీ, కాస్త రాగి, కాస్త జింకు తోడవాలనీ త్రాసు ముందు నిలబెట్టి చెప్పింది. తవుడు నిండా భాస్వరమే. అది హద్దు మీరితే తిన్న సున్నం ఒంటికి పట్టదు.

"సున్నం గోడలకు కదమ్మా వేస్తారు. నా పిల్లలకు వెల్ల కొడతావా?" అని బాబాయి సంచి భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు పాలు మానిన పిల్లల్లో నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్రవాడొకడు ఉండేవాడు. తొట్టిలో మేత పడగానే మిగతావాళ్ళు తలలు దూర్చేవారు. వీడు మాత్రం ఎవరో ఒకరు వచ్చి బతిమాలితే తప్ప మూతి ఆనించేవాడు కాదు. దాంతో అల్లుడు అన్న పేరు స్థిరపడింది. పేరు పెట్టింది బాబాయి, మర్యాదలు చేసిందీ ఆయనే.

చలి మొదలయ్యాక అల్లుడి ముందుకాళ్ళలో కీళ్ళ పైన వాపు తేలింది. పశువుల డాక్టరు నొక్కి చూసి మేతలో ఎక్కడో తేడా ఉందన్నాడు. అన్నగారి కూతురు మళ్ళీ తూచింది. గింజ తగ్గించింది, సున్నం పెంచింది, పిల్లల మేతలో తవుడు పూర్తిగా తీసేసింది. వాపు దిగలేదు. పెంపకశాల యజమానురాలు గొంతు పెంచే మనిషి కాదు. మెల్లగానే రెండు మాటలు చెప్పింది. ఎండలు వచ్చేలోగా కాళ్ళు చక్కబడకపోతే అల్లుడిని పార్కులో పిల్లల్ని తిప్పే బండికి అమ్మేస్తుంది. తూచిన మేత కాక మరేదైనా ఎవరైనా పెడుతున్నట్టు తెలిస్తే వాళ్ళు ఆ సాయంత్రమే గేటు దాటాలి.

అన్నగారి కూతురికి త్రాసు మీద అనుమానం వచ్చింది. సంచుల మీద వచ్చింది. చివరికి తన చదువు మీదా వచ్చింది. బాబాయి మీద మాత్రం రాలేదు. ఒక మధ్యాహ్నం అల్లుడి మూతి నిమరబోతే వేళ్ళకు తవుడు అంటింది. తలుపు చాటున నిలబడింది. బాబాయి నీళ్ళ బకెట్టుతో వచ్చి, నడుముకు వేలాడే పాత బిస్కెట్ల డబ్బాలోంచి ఒక గుప్పెడు తీసి అల్లుడికి పెట్టాడు. బకెట్టు కుమ్మరించి వెళ్తూ ఇంకో గుప్పెడు. చీపురు కోసం వచ్చి ఒకటి. ఆ చీపురు మళ్ళీ దాని చోట పెట్టడానికి వచ్చి మరొకటి.

"బాబాయ్, వీడికి తవుడు పెడుతున్నావా?"

"తవుడా? లేదమ్మా."

"మరి అదేంటి?"

ఎవరి డబ్బానో అన్నట్టు లోపలికి తొంగిచూశాడు. "ఇదా. గుప్పెడు."

"గుప్పెడు తవుడే కదా."

"మేత వేరు, ఇది వేరు తల్లీ. ఇది పలకరింపు. దారిలో ఎదురుపడితే నువ్వు నన్ను పలకరించవూ?"

"ఇన్నిసార్లు పలకరిస్తే నేనైనా కుంటుతాను బాబాయ్."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన వేలు పట్టుకుని వాపు మీద ఆనించి, సున్నం సంగతి మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. బాబాయి మొహం చిన్నబోయింది. ఇక ముట్టనన్నాడు. మర్నాడు ఆమె వెళ్ళేసరికి చెయ్యి డబ్బాలోనే ఉంది. దానంతట అదే వెళ్ళిందని చెప్పి, ఆ చేతి మీద రెండో చేత్తో ఒక్కటి వేశాడు కూడా.

యజమానురాలికి చెబితే బాబాయికి గేటు. చెప్పకపోతే అల్లుడికి బండి. ఏదీ ఆమెకు మింగుడు పడలేదు. లూసర్న్ గడ్డిలో సున్నం పుష్కలంగా ఉంటుంది. దాన్ని ఎండబెట్టి, మరలో ఆడించి, బాబాయి భోజనానికి వెళ్ళినప్పుడు డబ్బాలో తవుడు పారబోసి ఆ పొడి నింపింది. మిగిలిన పొడిని ఒక సంచికెత్తి, పెద్ద గుర్రాల తవుడు సంచి పక్కనే నిలబెట్టింది. అంతా బాగానే కుదిరింది, రంగు ఒక్కటే కుదరలేదు.

బాబాయి మూత తీసి వెలుతురుకు పట్టి చూశాడు. వాసన చూశాడు. "ఇదేంటమ్మా, పచ్చగా ఉంది?"

"కొత్త మిల్లు తవుడు బాబాయ్. ఇకనుంచి ఆ సంచిలోదే తీసుకో." త్రాసు ముల్లును చూస్తూ చెప్పింది.

"మిల్లు పచ్చికలో కట్టారా?"

జవాబు కోసం ఆగలేదు. గుప్పెడు తీసి వెళ్ళి అల్లుడి మూతి దగ్గర పెట్టాడు. అల్లుడు అరచెయ్యి నాకి నాకి తిన్నాడు. ఆ తర్వాత బాబాయి ఆ ఊసే ఎత్తలేదు. పనివాళ్ళ దగ్గర మాత్రం ఆ మిల్లును తెగ పొగిడేవాడు. అదెక్కడుందని వాళ్ళడిగితే, "మా అమ్మాయికి తెలుసు" అనేవాడట, మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఎండలు ముదరకముందే వాపు దిగింది. డాక్టరు కాళ్ళు నిమిరి తల ఊపాడు. యజమానురాలు బండి మాట మానేసి అల్లుడిని పందేల శిక్షణశాలకు పంపుతానంది. ఏం చేశారని అడిగితే అన్నగారి కూతురు "బాబాయి చెయ్యి" అంది. అయితే ఆ చెయ్యి కూడా అల్లుడితో పాటే అక్కడుండాలని యజమానురాలు తేల్చేసింది. బాబాయి పెద్దకూతురి ఇల్లు ఆ శిక్షణశాలకు దగ్గరే. పిన్ని సామానుతో ముందే వెళ్ళిపోయింది.

లారీ వచ్చిన పొద్దున అన్నగారి కూతురు దాణా గది గుమ్మంలో నిలబడింది, ఇవాళైనా నిజం చెప్పేయాలని. బాబాయి ఖాళీ డబ్బాతో లోపలికి వచ్చి, తవుడు సంచికీ పచ్చపొడి సంచికీ మధ్య ఆగాడు. ఆయన వెడల్పాటి వీపు రెండింటినీ కప్పేసింది. డబ్బాలో పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఒక గుప్పెడు, ఇంకో గుప్పెడు. కాసేపు ఆగి, మరొకటి. టక్కున మూత పడింది.

"బాబాయ్," అంది.

చీపురు తేవడానికి వెళ్తున్నవాడిలా ఆమె పక్కనుంచి వెళ్ళిపోయాడు.

అల్లుడు లారీ ఎక్కడానికి వాల్చిన పలక దగ్గర మొరాయించాడు, ఎవరైనా వచ్చి బతిమాలాలి కదా. బాబాయి పైకెక్కి, డబ్బాలో చెయ్యి పెట్టి తీసి, వంగి గుప్పిట చాచాడు. వేళ్ళ సందుల్లోంచి పచ్చగా కనబడుతుందో, గోధుమ రంగులో కనబడుతుందోనని ఆమె మెడ సాచి చూసింది. గుప్పిట గట్టిగా మూసే ఉంది. అల్లుడు దాని వెంటే మెల్లగా ఎక్కాడు. లోపల ఆ గుప్పిట తెరుచుకునే ఉంటుంది. ఈలోగా లారీ తలుపు పడింది.

ఆమె చెయ్యెత్తింది. రోజుకు అన్నిసార్లు పలకరించే మనిషి, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయాడు.