పంచుకున్న సీసా

ఈ ఉదయం ఆగిరిపల్లి నుంచి ఎవరో వచ్చి మా పరిశోధన గదిలో చిన్న రసాల బుట్ట పెట్టి వెళ్లారు. ఎండుగడ్డిలో మాగుతున్న కాయల వాసన తగలగానే సుభద్ర గారు గుర్తొచ్చారు, వెంటనే రమణమ్మ కూడా. ఆ ఇద్దరిలో ఎవరిది న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

సుభద్ర గారు నూజివీడులో పిల్లల డాక్టరు. నేను ఆవిడ దగ్గర నర్సును. దేశంలో చాలాచోట్ల ఉన్న ఆసుపత్రులు కలిసి పిల్లల ఆయాసానికి ఒక కొత్త మందును పరీక్షిస్తుంటే, వాటిలో మాదీ ఒకటి. ఒక్క ఊరి పిల్లలతో అది తేలదట. నాకు మొదట్లో ఈ హడావిడంతా ఎందుకో అర్థం కాలేదు. "పెద్దవాళ్ల మందే కాస్త తగ్గించి పోస్తే పోలా అండీ?" అన్నాను. "ఇన్నాళ్లూ అలా అంచనా మీదే పోశాం. అంచనా తప్పితే అనుభవించేది పిల్లలే కదమ్మాయ్," అన్నారావిడ.

రమణమ్మ మామిడి తోటల్లో కాయ కోతకు వెళ్లేది. ఆమె ఆరేళ్ల కూతురు లావణ్యకు ఆయాసం వస్తే మాట పెగిలేది కాదు. మా మందు మొదలయ్యాక పిల్ల బడికి వెళ్లసాగింది. ఒకరోజు రమణమ్మ గడువుకు ముందే ఖాళీ సీసాతో వచ్చింది. "మా అక్క కూతురిక్కూడా ఇదే ఆయాసమండీ. ఒక ఇంట్లో ఉంటా, ఒక పిల్లకి పోసి ఇంకో పిల్లని చూస్తా ఎట్టా కూర్చుంటాం? చెరి సగం పోశానండీ," అంది, ఏ దాపరికమూ లేకుండా. కూర గిన్నె కూడా గోడ దాటకుండా ఉండని ఊళ్లు మావి. మందు ఎందుకు ఆగుతుంది?

నేను సుభద్ర గారిని పక్కకు పిలిచాను. "రాయకండి మేడమ్. సీసా పగిలిందందాం. రాస్తే పిల్లని ఈ మందు పరీక్ష నుంచి తీసేస్తారు."

ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. "ఆ రెండో పిల్లకి ఏమన్నా అయితే?" అని, ముందు ఆ పిల్లను పిలిపించి పరీక్షించారు. బాగానే ఉంది. తర్వాత జరిగింది జరిగినట్టు రాసి, ఈ పరీక్ష నడిపే కేంద్ర కార్యాలయానికి పంపారు.

నియమం ప్రకారం లావణ్యను తప్పించారు. మామూలు మందులు ఇచ్చాం. అవి అంతగా పట్టలేదు. పిల్ల మళ్లీ బడి మానేసింది. కొన్నాళ్లకు ఆ కేంద్ర కార్యాలయం నుంచి కబురు వచ్చింది. ఎక్కడో ఉత్తరాదిన మరో ఆసుపత్రిలోనూ ఇలాగే జరిగిందట. తమ పరువు పోతుందని దాచుకున్నవాళ్లు అన్ని ఆసుపత్రులకూ వెళ్లిన మా కాగితం చూశాకే బయటపెట్టారట. అప్పటి నుంచి అన్నిచోట్లా ఒక పద్ధతి వచ్చింది. ఇంట్లో అదే జబ్బున్న పిల్లలు ఇంకెవరైనా ఉన్నారేమో ముందే అడిగి, వాళ్ల వైద్యమూ చూడాలి. సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు.

రమణమ్మ చివరిసారి రసాల బుట్టతో వచ్చింది. "నిజం చెప్పినందుకేనా డాక్టరమ్మా, మా పిల్లకి మందాపేశారు?" అని అడిగింది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

"అవునమ్మా," అన్నారు సుభద్ర గారు. ఇంకేదైనా చెబుతారని చూశాను. చెప్పలేదు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, జాలీ వేసింది.

కొన్నేళ్లకు సుభద్ర గారు చనిపోయారు. ఆ కుర్చీలో ఇప్పుడు వేరే డాక్టరున్నారు. సీసా చేతికిచ్చే ముందు ప్రతి తల్లినీ నేనే అడుగుతాను, "ఇంట్లో ఇంకెవరికన్నా ఇదే జబ్బుందా అమ్మా?" అని. నిజం చెప్పమని బతిమాలుతాను. చెబితే ఏమీ కాదని మాత్రం అనను.