బీడీ ఆకు ఈనె చూపించిన కళ్లద్దాల దుకాణం

కామారెడ్డిలో కళ్లద్దాల దుకాణం పెట్టిన రెండో ఏడు నేను అమ్మిన జోళ్లు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. నంబరు సరిగ్గానే ఉండేది. అయినా జనం "కుదుర్తలేవు" అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవారు. ఇంకో ఆర్నెల్లు ఇలాగే సాగితే దుకాణం మూసేయాలనుకుంటున్నప్పుడు, ఫ్రేములు అమ్మడానికి వచ్చిన ఒకాయన చెప్పాడు: "సిద్దిపేటల గఫార్ చాచా కాడికి ఒక్కపారి పోయి సూడు. ఆయన తాన తీస్కున్నోళ్లు ఇంకో దుకాణం మెట్లెక్కరు." తొంభైల మొదట్లో మాట ఇది.

మర్నాడే ఏడు గంటల ఎర్రబస్సు ఎక్కాను. టికెట్టు పన్నెండు రూపాయలు. రామాయంపేటలో కండక్టరు "పది నిమిషాలు ఆగుతది, చాయ్ తాగేటోళ్లు తాగి రాన్రి" అన్నాడు. అక్కడి నుంచి రోడ్డంతా గుంతలే. తొమ్మిదిన్నరకు సిద్దిపేటలో దిగి అడుగుతూ వెళితే, బట్టల కొట్ల మధ్య ఒక చిన్న గది చూపించారు. యాభై దాటిన గఫార్ చాచా అప్పుడే తలుపు తీస్తున్నాడు. అబద్ధమాడబుద్ధి కాక ఉన్న సంగతి చెప్పేశాను. ఆయన నవ్వి, "కూసో బేటా. సూడు," అన్నాడు.

పదింటికి నంగునూరు నుంచి లచ్చవ్వ వచ్చింది. బీడీలు చేసే మనిషి. కొంగు ముడిలోంచి, వేరే దుకాణంలో కొన్న పాత అద్దాలు తీసింది.

"ఇవి వెట్టుకుంటే పేపర్ల అచ్చరాలు మంచిగ కండ్లవడ్తున్నయి భాయ్. నాకేమో సదువు రాదాయె. ఆకు మాత్రం మసకమసకనే ఉంటుంది. కార్ఖానల నా బీడీలు పక్కకు ఏరేస్తున్నరు. ఇంకో నెల సూసి పని బంద్ జేస్తమన్నరు."

అవి నేను అమ్మినవి కాకపోయినా నా తల వంగిపోయింది. చూపు పరీక్షించడానికి నేనూ ఎవరొచ్చినా చేతికి పేపరే ఇచ్చేవాణ్ణి.

చాచా నేల మీద చాప పరిచాడు. లోపలి నుంచి చాట, కత్తెర, నాలుగు బీడీ ఆకులు, కాస్త తంబాకు, దారపుండ తెచ్చాడు. "అక్కా, ఇంట్ల ఎట్ల కూసుంటవో గట్లనే కూసో." ఆమె చాట ఒళ్లో పెట్టుకుంది. ఆయన ఒక దారంతో ఆమె కంటికీ ఆకుకూ మధ్య దూరం కొలిచాడు. "సూసినవా బేటా? చాటను పుస్తకం లెక్క మొకం కాడ ఎవలు వట్టుకుంటరు?"

తర్వాత ఒక్కో అద్దమూ మార్చి చూపించాడు. నాలుగో అద్దం పెట్టగానే లచ్చవ్వ కత్తెర అందుకుంది. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టింది. ఇంకోటి చుట్టింది. "ఈనె కనవడ్తుంది భాయ్!" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గంట దాటింది. బయట మరో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. "ఒక్కరికే గింత సేపైతే ఎట్ల చాచా?" అన్నాను.

"నాది గంటనే పోయింది. అద్దం కుదరకపోతే గామెకు రోజూ పోతది."

ఆ మాట నాకు ఇంకా గుర్తుంది. మధ్యాహ్నానికల్లా అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించి ఇచ్చాడు. లచ్చవ్వ వాటిని మూటలో కట్టుకోలేదు, పెట్టుకునే బస్టాండు వైపు నడిచింది.

నెల తర్వాత చాచా కార్డు రాశాడు, ఆమె పని పోలేదని. నా దుకాణం ఒక్కరోజులో మారిపోలేదు. మొదటి నెల చాప పరిస్తే నవ్విన వాళ్లే ఎక్కువ. కానీ దర్జీ సూదితో, కంసాలి పట్టుకారుతో, వంటావిడ బియ్యంలో రాళ్లతో వచ్చి కూర్చోవడం మొదలయ్యాక తిరిగొచ్చే జోళ్లు తగ్గాయి. ఎదుటి మనిషికి ఏం అమ్మాలా అని కాక, ఇంటికెళ్లి అతను ఏం చేస్తాడా అని ఆలోచించడం నాకు ఆ చాప దగ్గరే అబ్బింది.

ఇలా ఎవరి దుకాణమైనా చూసి నేర్చుకోవాలని బయల్దేరేవాళ్లకు ఒక్క మాట: తలుపు తీసే వేళకే చేరుకోండి, మీరెవరో ముందే చెప్పేయండి, మొదటి గిరాకీ వెళ్లేదాకా నోరు తెరవకండి.