మస్తాన్ బాబాయ్ వేడన్నం సినిమా

నిన్న పొద్దున మా వీధిలోకి ఉల్లిపాయల ఆటో వచ్చింది. రికార్డు చేసిన గొంతు మొదలయ్యేముందు మైకులో ఎవరో "ఫూ... ఫూ" అని రెండుసార్లు ఊదారు. ఆ ఊదుడు కూడా రికార్డులో ఉన్నదే, తిప్పి తిప్పి అదే వినిపిస్తోంది. పొయ్యి మీద పాలు పెట్టుకుని నించున్న నాకు నవ్వాగలేదు. మస్తాన్ బాబాయ్ బతికుంటే "ఊదుడుక్కూడా మిషనేనా, ఇంక మనిషెందుకమ్మా" అనేవాడు. పాలు పొంగి పొయ్యంతా అయ్యాయి. తుడుచుకుంటూ కూడా నేను ఆయన్నే తలుచుకున్నాను.

ఇరవై ఏళ్ళ కిందట నేను నరసరావుపేటకి కోడలిగా వచ్చినప్పుడు మా పక్క వాటాలో మస్తాన్ బాబాయ్, ఖాసింబీ పిన్ని ఉండేవాళ్ళు. ఆయన ఒక సినిమా హాలుకి ప్రచారం చేసేవాడు. ఆటోకి రెండు పక్కలా వాల్‌పోస్టర్లు కట్టి, పైన గుండ్రటి మైకు పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి "నేడే చూడండి" అని చెప్పడం ఆయన పని. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఏనుగంత. హాలుకి ఏ సినిమా వస్తే దాన్ని పొగడాలి. కానీ బాబాయ్‌కి అబద్ధం ఒంటబట్టేది కాదు. బాగున్న సినిమాకి "తప్పక చూడండి" అనేవాడు. ఓ మాదిరిదానికి "చూడండి" అని ఊరుకునేవాడు. బొత్తిగా బాగాలేకపోతే హాలు పేరు, ఆటల టైములు మాత్రం చెప్పి ఆటో పోనిచ్చేవాడు. ఈ సంగతి ఊళ్ళన్నిటికీ తెలుసు, హాలు మేనేజరు ఒక్కడికే తెలియదు.

ఆయన సినిమాలని పేర్లతో పిలిచేవాడు కాదు. గొడుగు సినిమా, మజ్జిగ సినిమా, గుడ్డి మేనమామ సినిమా అనేవాడు. నేనూ ఇక్కడ పేర్లు చెప్పను. చెప్తే మీరు వెంటనే ఫోను తీసి రేటింగు చూస్తారు, అదంటే నాకు ఒళ్ళుమంట. బాబాయ్ కొలతలు బాబాయ్‌కి ఉండేవి. "తిండి సీను చూడమ్మా. ముద్ద నిజంగా నోట్లోకి పోయిందా, లేకపోతే గిన్నెలో చెయ్యి తిప్పుకుంటా డైలాగు చెబుతున్నాడా? అన్నమే నిజంగా తిననోడు ఏడుపేం నిజంగా ఏడుస్తాడు?" ఇంటర్వెల్లో జనం కొనుక్కున్న పల్లీలు సగంలో జేబులో పోసుకుని లోపలికి ఉరికారంటే అది మంచి సినిమా. తీరిగ్గా పొట్లం కాగితం కూడా చదువుతున్నారంటే తేలిపోయినట్టే. హీరో కారు దిగడానికి పావుగంట పట్టే సినిమాలంటే ఆయనకి చిరాకు. "మా ఆటో తలుపు ఇంతకంటే బిరాన తెరుచుకుంటది" అనేవాడు. ఆటోకి తలుపే ఉండదుగా బాబాయ్ అంటే, "మరి అదే నేను చెప్పేది" అని పకపకా నవ్వేవాడు.

నా సంగతి వేరు. మా అత్తగారింట్లో మగవాళ్ళందరూ ఒకే పెద్ద హీరోకి అభిమానులు. మా ఆయనైతే ఆ హీరో సినిమా వచ్చిన రోజు పెళ్ళిచూపులు ఉన్నాయని, నన్ను చూడడం వారం వాయిదా వేయించిన మనిషి. సినిమా చూసి వచ్చాక అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు. చివర్లో ఎవరో ఒకరు నావైపు తిరిగి "ఎట్టుంది?" అనేవాళ్ళు. నేను గంగిరెద్దులా తలూపి "బాగుంది" అనేదాన్ని. మా అత్తగారు వంటింట్లోంచి అదీ అనేది కాదు. నాకు నచ్చిందేదో నచ్చనిదేదో నా నోటితో అనలేక, ఒక్కోసారి నాకు అసలు ఇష్టమనేది ఉందా అని అనుమానం వచ్చేది. నవ్వకండి, కొత్త కోడలికి అది నిజంగా భయమే.

అలాంటి రోజుల్లో, ఒక శుక్రవారం, హాల్లోకి ఓ చిన్న సినిమా వచ్చింది. పెద్ద హీరో లేడు, ఒక్క ఫైటూ లేదు. పెళ్ళిళ్ళకి వంటలు చేసే ఒకావిడ కథ. ఆవిడకి ఒక్కసారి సముద్రం చూడాలని కోరిక. బయల్దేరిన ప్రతిసారీ ఎవరిదో ఒకరి పెళ్ళి వచ్చి పడుతుంది, మళ్ళీ గరిటె పట్టుకుంటుంది. ఖాసింబీ పిన్ని నన్ను మ్యాటినీకి తీసుకెళ్ళింది. అంత హాల్లో పట్టుమని ఇరవైమంది లేరు. నేను కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉన్నాను. బయట బాబాయ్ మా కోసం నిలబడి ఉన్నాడు. "వేడన్నం సినిమా ఎట్టుందమ్మా?" అన్నాడు. అప్పటికే పేరు పెట్టేశాడు. "బాగుంది" అన్నాను. "ఆ మాట గోడ మీద పోస్టరు కూడా అంటది. నీకేం నచ్చింది?" అని అడిగాడు. నేను కొంగు సర్దుకుంటూ పిన్నివైపు చూశాను. ఆదివారం మ్యాటినీ నిండకపోతే సోమవారం సినిమా తీసేస్తామని మేనేజరు చెప్పాడట. "ఇంత మంచి సినిమా మూడు రోజులకే పోయిద్దా" అని ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

మర్నాడు నేను ముప్పాళ్ళలో మా పుట్టింటికి వెళ్ళాల్సి ఉంది. "నేనూ అటే పోతన్నా, పిన్నితో పాటు ఆటోలో రా" అన్నాడు బాబాయ్. వెళ్తూ వెళ్తూ దారిలో ప్రతి ఊళ్ళోనూ "తప్పక చూడండి" అని మూడేసిసార్లు అరిచాడు. నాలుగో ఊరు దాటేసరికి గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప మాట రావట్లేదు. రోడ్డు పక్కన మిరప కల్లం కనిపించింది. ఎర్రగా పరిచిన కాయల మధ్య నలభైమంది ఆడవాళ్ళు కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. బాబాయ్ ఆటో ఆపి మైకు నా చేతికిచ్చాడు. నాకు తెలిసిన మాటలే చెప్పాను: "అశేష ప్రజాదరణతో, కుటుంబ సమేతంగా..." ఒక్కరూ తల ఎత్తలేదు.

బాబాయ్ గొంతు గీరుకుంటూ గుసగుసలాడాడు. "అయ్యి నా మాటలమ్మా, అయ్యి చెప్పబాకు. నీకేం నచ్చిందో అది చెప్పు. పోస్టరు పక్కనే ఉండాదిగా, మళ్ళీ నువ్వెందుకు?"

కళ్ళు మూసుకున్నాను. "అందులో వంటమనిషి వెయ్యిమందికి వండుతుంది" అన్నాను. "అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన చల్లటి అన్నం తింటుంది. తింటూ కూడా ఎవరన్నా వస్తారేమోనని గుమ్మం వైపు చూస్తుంది. ఆ చూపు నాకు నచ్చింది. మా అమ్మా అట్టాగే చూస్తుంది." నా గొంతు మైకులోంచి కల్లమంతా వినబడుతుంటే నాదేనా అనిపించింది. తాలుకాయలు ఏరే చేతులు ఆగాయి. తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దావిడ లేచి నించుని, "ఏమే పిల్లా, చివరికి ఆమె చచ్చిపోద్దా? చచ్చే సినిమా అయితే మేం రాం. ఇంటికాడ ఏడుపులు చాలు" అంది.

చివర ఏమవుతుందో చెప్పకూడదన్నది ప్రచారం పనిలో మొట్టమొదటి నియమం. బాబాయ్ ఎవరడిగినా "తెర మీదే చూడండి" అనేవాడు. నేను ఆ సంగతి మర్చేపోయాను. "చావదు పెద్దమ్మా! సముద్రం దగ్గరికి పోతుంది. అక్కడ పాక హోటల్లో ఒకతను అన్నం వండి పెడతాడు. జీవితంలో మొదటిసారి ఇంకొకళ్ళు వండింది, వేడివేడిగా, కూర్చుని తింటుంది. అంతే, అయిపోతుంది" అని మొత్తం కథ మైకులో కక్కేశాను. బాబాయ్ తల పట్టుకున్నాడు. ఖాసింబీ పిన్ని "యా అల్లా" అంది.

పెద్దావిడ తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకుంది. తర్వాత, "ఇంకొకళ్ళు వండిందా?" అని మళ్ళీ అడిగింది.

"అవును."

"కూర్చునే తినిద్దా? మధ్యలో ఎవరూ లేపరా?"

"లేపరు."

ఆవిడ పక్కవాళ్ళవైపు తిరిగి, "రేపు ట్రాక్టరు పెట్టమని చెప్పండే. అది చూడాల్సిందే" అంది.

మర్నాడు ఒక ట్రాక్టరు కాదు, మూడు వచ్చాయి. పుట్టింటి నుంచి కల్లం దాకా వచ్చి, నేనూ వాళ్ళతోనే ట్రక్కులో కూర్చుని పేటకి వచ్చాను. హాలు నిండింది. కథ అందరికీ ముందే తెలుసు కదా, అందుకని పాక హోటలు కనబడగానే ఎవరో "అదుగో, వచ్చేసింది" అన్నారు. కంచం ముందు పెట్టగానే హాలంతా ఊపిరి బిగబట్టింది. ముద్ద నోట్లోకి వెళ్ళిందో లేదో ఈలలు, చప్పట్లు. ఏ హీరో కారు దిగినప్పుడూ అంత గోల నేను వినలేదు. పక్కన బాబాయ్ పోయిన గొంతుతోనే ఏదో అరుస్తున్నాడు, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నాకైతే గాల్లో తేలుతున్నట్టుంది. సినిమా ఇంకో రెండు వారాలు ఆడింది. చివర చెప్పకూడదన్న నియమం మాత్రం ఆ రోజుతో పోయింది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్ళినా ఆడవాళ్ళు ముందు చివర చెప్పమనేవాళ్ళు, బాబాయ్ చెప్పేవాడు.

ఆ ఆదివారం రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "ఆ డొక్కు సినిమాకి అంత జనమేంది?" అన్నాడు. పప్పు గిన్నె పట్టుకుని ఉన్నదాన్ని, అక్కడే ఆగిపోయాను. కల్లంలో అంతమంది ముందు అన్నదాన్ని, ఇంట్లో నలుగురి ముందు అనలేనా అనిపించింది. "డొక్కు కాదు. నాకు చాలా నచ్చింది. పోయిన నెల మీ హీరో సినిమాకి మాత్రం నేను నిద్రపోయాను" అన్నాను.

ఎవరో ఒకరు కసురుతారని ఎదురు చూస్తున్నాను. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు, "నాకూ నిద్దరొచ్చిందిరా. ఇయ్యాలా నిన్నా కాదు, పదేళ్ళ నుంచీ వస్తానే ఉంది" అంది.

మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని తల్లిని అట్టాగే చూశాడు. "మరి ఎప్పుడూ చెప్పలేదేందే అమ్మా?"

"ఎప్పుడన్నా అడిగావా?"

మస్తాన్ బాబాయ్ పోయి మూడేళ్ళయింది. పక్క వాటా ఖాళీ చేసి వెళ్ళినా చివరిదాకా ఫోను చేసి, ఎవరూ పట్టించుకోని ఏ సినిమాలోనో ఒక మూల కూర్చుని అన్నం తిన్న ఒకానొక చిన్న నటుడి గురించి అరగంట చెప్పేవాడు. ఆయన దగ్గర నేను సినిమాలు చూడడం నేర్చుకోలేదు. నచ్చింది నచ్చిందని అనడం నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరన్నా నాతో సినిమాకి వస్తే "నీకేం నచ్చింది?" అని అడుగుతాను. "బాగుంది" అంటే వదలను. జవాబు వచ్చేదాకా నిలబడతాను. మా అమ్మాయి నన్ను పోలీసు అంటుంది.

మా అత్తగారికి ఇప్పుడు డెబ్భై అయిదేళ్ళు. ఒకసారి మొదలుపెట్టాక ఆవిణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు. పోయిన వారం మా ఆయన హీరో కొత్త సినిమాకి అందరం వెళ్ళాం. ఇంటర్వెల్లో ఆవిడ చెప్పులు వేసుకుని, "ఇంక నావల్ల కాదు, నేను పోతన్నా" అని లేచింది. మా ఆయన మూతి ముడుచుకుని, ఆటో ఎక్కించి వస్తానని తల్లి వెనకాలే వెళ్ళాడు. అమ్మాయి కూడా వాళ్ళతో బయల్దేరింది. "రావా అమ్మా?" అని నన్ను కూడా పిలిచింది.

నేను వెళ్ళలేదు. ఆ సినిమా నాకు నచ్చింది.