బంగారరాజు గారు తప్పు చూపించిన చుక్క

ఎదుటి మనిషి గడ్డం కనబడితే బంగారరాజు గారి చెయ్యి ఊరుకోదు. రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తేసి, "అదిగో, చూడండి!" అంటారు. పైనుండేది చుక్కో, గ్రహమో. కిందున్న మనిషి ఏ పని మీద పోతున్నాడో, చేతిలో పాలున్నాయో పెరుగుందో ఆయనకి పట్టదు. మలికిపురంలో కొబ్బరి వ్యాపారులు బోలెడుమంది. కొబ్బరిచెట్టుకి పైన కూడా ఏదో ఉందని తెలిసింది మాత్రం ఆయనొక్కరికే.

కుర్రతనంలో తోకచుక్కని చూసేరట. అప్పుడెత్తిన తల ఇప్పటికీ దించలేదు. హైదరాబాద్ నుంచి తెప్పించిన టెలిస్కోపు డాబా మీద నిలబడి ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని 'రాజు గారి గొట్టం' అంటారు. భార్య సత్యదుర్గ గారు ఏమీ అనరు, దాని మీద వడియాల గుడ్డ ఆరేస్తారు.

కొబ్బరికాయల దింపు రోజు, కాయలు కోసే వీరన్న చెట్టు మొవ్వు దాకా ఎక్కేడో లేదో, కింద నుంచి కేక.

"ఒరే వీరన్నా! పడమట చంద్రుడింకా కనబడుతున్నాడేంట్రా?"

"నాకు గెలలే కనబడుతున్నాయండి!"

"గెలలు రేపు కూడా ఉంటాయిరా!"

"రేపు దింపు లేదండి బాబూ!"

ఒకసారి చుట్టాలింట్లో పెళ్ళి. ముహూర్తం పట్టపగలు. పంతులు గారు కొత్త జంటని పందిరి బయటికి తీసుకొచ్చి, "అదిగో అరుంధతి, కనబడిందా?" అన్నారు. పెళ్ళికొడుకు మర్యాదస్తుడు, కనబడిందన్నాడు.

"ఏం కనబడింది బాబూ? నువ్వు చూస్తున్నది సెల్ టవరు!" అన్నారు బంగారరాజు గారు.

పెళ్ళివారిని చీకటి పడేదాకా కదలనివ్వలేదు. సప్తర్షులు పైకొచ్చాక వధువు గడ్డం ఒక చేత్తో, వరుడి గడ్డం ఒక చేత్తో ఎత్తిపట్టి, వశిష్ఠుడి పక్కన నలుసంత చుక్కని చూపించేకే వదిలేరు. మూడు నిద్రలకీ పెళ్ళికొడుకు మెడకి తైలం రాయించుకుంటూనే ఉన్నాడు.

ఇంతమంది గడ్డాలెత్తిన మనిషికి లొంగని గడ్డం ఒక్కటే, పక్కింటి కృపానందం గారిది.

ఆయన బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యేరు. తప్పు వింటే దిద్దకుండా ఉండలేరు. పెళ్ళి శుభలేఖలో పొల్లు తప్పినా పెన్ను తీసేవారు. ఆ వానాకాలం ఆయన భార్య కృపమ్మ గారు పోయేరు. అప్పట్నుంచీ తలుపేసుకుని కూర్చున్నారు. చర్చికి వెళ్ళడం మానేసేరు. సత్యదుర్గ గారు పంపిన క్యారేజీ సగం సగంగా తిరిగొచ్చేది. బంగారరాజు గారు వెళ్ళి అలవాటుగా గడ్డం మీద చెయ్యి వేస్తే, ఆ చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించేసి, "వద్దులెండి రాజు గారూ" అన్నారు.

బంగారరాజు గారు ఇంటికొచ్చేసేరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆకాశం చూడకుండా పడుకోవడం సత్యదుర్గ గారు ఆ రోజే చూసేరు.

ఆ తరవాతే మొదలైంది వింత. వానలు తగ్గి ఆకాశం తేటపడింది. సాయంత్రం దీపాల వేళ బంగారరాజు గారు డాబా ఎక్కి, పిట్టగోడ దగ్గర నిలబడి, పడమటి వైపు చెయ్యి చాపి, "ఆహా! గురుడెంత వెలుగుతున్నాడో!" అని వీధంతా వినబడేలా అరిచేరు.

వంటింట్లో సత్యదుర్గ గారి చేతిలో గరిట ఆగింది. పొద్దుగూకగానే పడమట అంత వెలిగేది శుక్రుడని ఇంటి పిల్లికి కూడా తెలుసు. మర్నాట్నుంచీ రోజూ అదే కేక. పైగా పిల్లలకోడిని, అదే కృత్తికల గుంపుని, చూపించి మూడు చుక్కల గొల్లకావడి అన్నారు. ఆవిడకి పుట్టింటి సంగతి గుర్తొచ్చింది. వాళ్ళ మావయ్య గారికి మతిమరుపు ఇలాగే మొదలైంది. చివరికి కన్నకొడుకుని పట్టుకుని ఎవరబ్బాయివని అడిగేరు.

"నిన్న మధ్యాహ్నం ఏం కూరండీ?" అని అడిగేరావిడ, పరీక్ష పెడుతున్నట్టు తెలియనివ్వకుండా.

"పనసపొట్టు. ఉప్పెక్కువైంది. నీ మొహం చూసి ఊరుకున్నాను."

కూర గుర్తుంది, గ్రహం గుర్తులేదు! ఇదేం రోగమో అర్థంగాక, అమలాపురంలో డాక్టరు గారికి ఫోన్ చేసి, ఆయన్ని చూపించడానికి ఓ రోజు చెప్పించుకున్నారు.

ఈలోగా ఓ సాయంత్రం పక్కింటి తలుపు దభాలున తెరుచుకుంది.

"రాజు గారూ! అది గురుడేంటండీ బాబూ! వారం రోజులుగా వింటున్నాను. శుక్రుడండి అది, ఇన్నేళ్ళుగా మీరే అరిచి చెప్పేరు! గురుడు మీ వెనకాల, తూర్పున ఉన్నాడు!"

"కాదేమోనండి."

"కాదేంటండీ! ఉండండి, వస్తున్నాను!"

మాసిన గడ్డంతోనే కృపానందం గారు మెట్లెక్కి వచ్చేరు. అరగంట వాదించేరు. వెళుతూ వెళుతూ, "రేపు తేలుద్దాం" అన్నారు. రేపు కూడా తేలలేదు. మూడో నాటికి గడ్డం గీసుకుని వచ్చేరు. క్యారేజీ ఖాళీగా తిరిగొచ్చింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన ముందురోజు, సత్యదుర్గ గారు వడియాల గుడ్డ కోసం డాబా ఎక్కేరు. బంగారరాజు గారు గొట్టంలో కన్ను పెట్టి, "గురుడా, నీ నాలుగు చందమామలూ వరసగా ఉన్నాయి. శభాష్!" అని గొణుక్కుంటున్నారు. పక్కింటి గేటు కిర్రుమంది. చటుక్కున ఆయన గొట్టాన్ని గిర్రున తిప్పి కొబ్బరిమట్టకి గురిపెట్టేరు.

"ఏవండీ!" అన్నారు సత్యదుర్గ గారు. "మీకు బాగానే ఉందన్నమాట!"

"ష్! గట్టిగా అనకు" అన్నారాయన, చెంగు పట్టుకుని. "ఓదారిస్తే పక్కింటాయన లోపలికి పోతున్నాడు. తప్పు చెబితే బయటికొస్తున్నాడు. ఏం చెయ్యమంటావు మరి?"

ఆవిడకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చేయి. కళ్ళు తుడుచుకుంటూ టీ పెట్టడానికి కిందికి దిగుతుంటే, మెట్ల మీద కృపానందం గారు ఎదురయ్యేరు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించేరు.

"అమ్మా, మీతో ఒక మాట. రాజు గారికి ఈమధ్య మతిమరుపు వస్తోందండి. మీరు కంగారుపడకండి. పాపం, ఆయనకి తెలిస్తే నొచ్చుకుంటారు. నేను రోజూ వచ్చి కాస్త కనిపెట్టుకుని ఉంటాలెండి."

సత్యదుర్గ గారు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆయ్, అలాగేనండి అన్నయ్య గారూ. మీరుండబట్టి ధైర్యంగా ఉంది" అన్నారు.