ఎత్తిన రెండు వేళ్ళు

నా చిన్నప్పుడు మా నాయన కళ్ళు మూసుకుని మామిడికాయను తొడిమ దగ్గర వాసన చూసి, అది బేనీషానో నీలమో, ఇంకెన్నాళ్ళకు మాగుతుందో చెప్పేవాడు. చిత్తూరులో మాకు మామిడి మండీ ఉండేది. అక్కడ ఆయన ముక్కుకు తిరుగులేదని పేరు. అంతటి మనిషి చెవుల దగ్గర ఎలా ఓడిపోయాడో, ఆయనతోపాటు నేనెలా ఓడిపోయానో చెబుతాను. ఇందులో నేను గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు కాపు బాగా వచ్చింది. సీజను అయిపోయి మండీ ఖాళీగా ఉన్న రోజుల్లో మా నాయనకు ఇంట్లో స్టీరియో సెట్టు పెట్టాలని బుద్ధి పుట్టింది. రికార్డు ప్లేయరు, రెండు స్పీకరు పెట్టెలు ముందే వచ్చేశాయి. వాటి మధ్య ఉండే ఆంప్లిఫయరు ఒక్కటే తేలాలి. ప్లేయరు నుంచి వచ్చే సన్నటి ధ్వనిని పెంచి స్పీకర్లకు పంపేది అదేననీ, అది బాగుంటేనే పాట బాగుంటుందనీ ఇంటికి వచ్చిన ప్రతివాడూ మాకు పాఠం చెప్పి పోయేవాడు. నాయన మండీ స్నేహితుడొకాయన మద్రాసు నుంచి ట్రాన్సిస్టర్ల ఆంప్లిఫయరు ఒకటి తెప్పించి, చూడమని మా ఇంట్లో పెట్టాడు. వెండిలా మెరిసే ముఖం, పచ్చటి దీపం, పాటతోపాటు ఊగే రెండు ముళ్ళు. వీధి వీధంతా వచ్చి చూసి పోయింది.

అమ్మ మాత్రం తిరుపతిలో రేడియోలు బాగుచేసే మామను ఒకసారి పిలవమంది. అమ్మ పుట్టిల్లు తిరుపతి. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు ఫిడేలు నేర్చుకుంది. ఈ మామ వాళ్ళ పక్కింటివాడు, ఆమె సాధన వింటూ పెరిగినవాడు. పెళ్ళయ్యాక ఫిడేలు బీరువా మీదికి ఎక్కింది. మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వాయించమని కూడా ఎవరూ అనలేదు. తీగలు ఒక్కొక్కటే తెగిపోయాయి.

మామ తన చేతులతో వాల్వు ఆంప్లిఫయర్లు కట్టేవాడు. "దాంట్లో ఫిడేలు ఫిడేలు మాదిరే వినపడతాదంట. రికార్డు పెట్టుకోని, దాంతోపాటు నేనూ మళ్ళా వాయిస్తా" అని అమ్మ నాతో చెప్పింది. నాయనతో చెప్పలేదు. కొత్త తీగల కోసం మామకు ఉత్తరం రాసింది కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం మామ తన పెట్టెను బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. తీగల పొట్లం అమ్మ చేతికిచ్చాడు. అమ్మ దాన్ని నాకు విప్పి చూపించి, మళ్ళీ మడిచి దేవుడి గూట్లో పెట్టింది. మామ తెచ్చింది రంగైనా వేయని రేకు పెట్టె. దాని నెత్తిన, కరెంటు ఇస్తే ఎర్రగా కాలే గాజు వాల్వులు, వెనక బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు. నాయన స్నేహితుడు దాన్ని చూసి, "ఏమప్పా, కాఫీ కాసే పొయ్యి తెచ్చినావా?" అని పకపకా నవ్వాడు.

మామకు కోపం రాలేదు. రెండు ఆంప్లిఫయర్లనూ పక్కపక్కన పెట్టి, వాటి ముందర తాడు కట్టి దుప్పటి వేలాడదీశాడు. "కండ్లు మూసుకోని కాయ పేరు సెప్తావు గదా బావా. ఇది గూడా సూడకుండా సెప్పు. ఏది బాగుండాదో నోటితో వద్దు, మీ మండీలో మాదిరి వేళ్ళతో సెప్పు. మొదటిదైతే ఒకటి, రెండోదైతే రెండు" అన్నాడు. మండీలో బేరగాళ్ళు ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని తేల్చుకుంటారు. అందుకే నాయనకు ఈ ఆట భలే నచ్చింది.

ఒకే ఫిడేలు రికార్డును మామ రెండుసార్లు పెట్టాడు. మొదటిది గట్టిగా, శుభ్రంగా వినిపించింది. రెండోది మొదలయ్యాక నేను కదలడం మానేశాను. కమాను తీగ మీద ఆనడం కూడా వినబడింది. వాయించే మనిషి మా గదిలోనే కూర్చున్నట్టు ఉంది. అయిపోగానే నాయన రెండు వేళ్ళు ఎత్తాడు. స్నేహితుడూ రెండే ఎత్తాడు. నేనూ రెండే. వంటింటి గడపలో నిలబడిన అమ్మ తడి చేయి చెంగుకు తుడుచుకుని రెండు వేళ్ళు ఎత్తి చూపింది. అమ్మ అంత నిండుగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

మామ దుప్పటి తీశాడు. రెండోది రేకు పెట్టె.

"ఈ డబ్బాను ముందర గదిలో పెడితే సూసినోళ్ళు నవ్వరా అప్పా?" అన్నాడు స్నేహితుడు. నాయన ముఖం మాడిపోయింది. "ఇంగోసారి పెట్టు, దుప్పటి లేకుండా" అన్నాడు. ఈసారి రికార్డు సగం కూడా తిరగక ముందే మొదటిదే మేలన్నాడు. అప్పుడు నావైపు తిరిగి, "నువ్వు సెప్పు పాపా, ఏది బాగుండాది?" అని అడిగాడు.

నేను ఆయన ముఖం చూశాను. ఆయనకు ఏ జవాబు కావాలో తొమ్మిదేళ్ళ పిల్లకైనా తెలిసిపోతుంది. నలుగురిలో ఆయన నన్ను ఒక మాట అడగడం అదే మొదటిసారి. ఆ గొప్పలో అమ్మ ఉన్న వైపు చూడనేలేదు. "మొదటిదే నాయనా" అన్నాను.

"సూసినారా! బిడ్డ అబద్ధం సెప్పదు" అన్నాడు నాయన.

నేను ఎత్తిన వేళ్ళు ఆయన చూశాడు. అందరూ చూశారు. అమ్మ నన్ను ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. మామ తన పెట్టెకు గోనెపట్ట చుట్టుకుంటూ, "పాప ఇందాక తొందర్లో రెండు వేళ్ళు ఎత్తేసినట్టుండాది లే" అన్నాడు. నా పరువు నిలబెట్టడానికే ఆ మాట అన్నాడు. దానికి బదులు ఒక దెబ్బ వేసి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో. వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే నా తల నిమిరి వెళ్ళాడు.

మెరిసే పెట్టె ముందర గదిలో స్థిరపడింది. చుట్టాలు వచ్చినప్పుడు నాయన పాటలు పెట్టి, ఊగే ముళ్ళను చూపించేవాడు. అమ్మ కాఫీలు తెచ్చి ఇచ్చి, పాట అయ్యేదాకా నిలబడకుండా వెళ్ళిపోయేది. ఆయన మీద నాకు కోపం లేదని అనను, ఇప్పటికీ ఉంది. కానీ నా మీద ఉన్నంత లేదు.

కొన్ని వారాల తర్వాత నెలవారీ సరుకుల్లో బట్టల సబ్బు వచ్చింది. అప్పట్లో అది మూరెడు కడ్డీగా వచ్చేది, ఇంట్లో ముక్కలు కోసుకునేవాళ్ళం. అమ్మ దేవుడి గూట్లోంచి పొట్లం తీసి, అందులో అన్నిటికన్నా సన్నని తీగ బయటికి లాగింది. దాని రెండు కొనలకూ పుల్లలు చుట్టి, పట్టుకుని, సబ్బును కోయసాగింది. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. "తీగతో కోస్తే పొడి రాలదు" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చేదాన్ని. కోసిన ముక్కలను నా చేతికిస్తే, ఒక్కొక్కటే అరలో పేర్చాను.

ఆ తీగ చాలా ఏళ్ళు వచ్చింది. నాకూ రెండోదే బాగుందమ్మా అని ఒక్క మాట చెప్పడానికి ఆమె పోయేదాకా వ్యవధి ఉంది, చెప్పలేదు. ఇప్పుడు చీర దగ్గర కానీ, కూర రుచి దగ్గర కానీ, ఏది బాగుందని నన్ను ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పను. ముందు అడిగినవాళ్ళ ముఖం మీది నుంచి కళ్ళు తిప్పుకుంటాను.