లాన్‌కు మందు పెట్టిన రోజు

ఆ రోజుల్లో మా దిక్కున గడ్డి రెండే రకాలు: బర్రె తినేది, మనం పీకేది. గడ్డిని కావాలని నాటించుకుని, దానికి నీళ్లు పెట్టడానికి మనిషిని కూడా కుదుర్చుకుంటారంటే, జన్మంతా దొర పొలంలో కలుపు తీసిన మా అమ్మ ఎంతకీ నమ్మలేదు. ఆ దొరే, నక్సలైట్లు (మేం అన్నలనేవాళ్లం) ఒక చిట్టీ పంపాక, చందుర్తి దగ్గరి మా ఊరు విడిచి జగిత్యాలలో ఇల్లు కట్టుకుని ముందర లాన్ వేయించాడు. వేసింది నేనే. నాకు ఇరవై రెండేళ్లు. హైదరాబాదు నర్సరీలో ఆరు నెలలు పని నేర్చుకుని వచ్చానన్న ధీమా (అందులో నాలుగు నెలలు కుండీలు మోశానని ఎవరికీ చెప్పలేదు). ఈ లాన్ పచ్చగా లేస్తే అదే వీధిలో డాక్టరు గారిదీ, వకీలు గారిదీ నాకే ఇస్తామన్నారు. లేవకపోతే సిరిసిల్లలో మా మేనమామ మరమగ్గాల దగ్గర కండెలు చుట్టుకోవాలి.

దొర వరి పండించిన మనిషి. రోజూ లాన్‌ను మడిలా నింపేవాడు, గడ్డి పసుపుపచ్చగా తిరిగేది. "దొరా, ఇది వరి కాదు. నీళ్లు నిలిస్తే ఏర్లు మురుగుతయి. రెండు రోజులకొక్కపారి, పొద్దుగాల, జానెడు లోతు తడిస్తె సాలు," అని ఉపన్యాసమిచ్చి, నల్ల పైపుకు బెజ్జాలు పొడిచి నీళ్లు చిమ్మేలా చేశాను. ఆ తరువాత యూరియా చల్లితే వారంలో వీధంతా నోరు తెరుస్తుందనిపించింది. ఇంటివాళ్లు కొండగట్టు గుడికి పోయిన సాయంత్రం, గేటు నుంచి మెట్ల దాకా బాటకు రెండు వైపులా నాలుగు కిలోలు చల్లాను. యూరియా చల్లగానే నీళ్లు పట్టాలి, లేకపోతే గడ్డి మాడుతుంది. మోటారు స్విచ్ వేశాను. కరెంటు లేదు. చీకటి పడేదాకా చూశాను. ఆఖరి బస్సు పోతుందని, ఇంటివాళ్లకు తెలిసేలా కాగితం రాసి గేటుకు గుచ్చాను. జేబులో ఉన్నది ఎర్ర పెన్ను ఒక్కటే. "గేటు లోపట రెండు దిక్కుల మందు పెట్టిన. ఎవ్వలు తొక్కద్దు. కరెంటు రాంగనే స్విచ్ ఎయ్యుండ్రి, తెల్లారెవరకు లేస్తది." దొర మనవలు నన్ను గడ్డన్న అని పిలిచేవారు. కాగితం చాలక, కింద "అన్న" అని మాత్రం సంతకం చేశాను. (చదివి చూసుకుని, నా దస్తూరికి నేనే మురిశాను కూడా.)

మొదటి బస్సుకు వచ్చేసరికి వీధి అవతల జనం, గేటు ముందు ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక హెడ్ కానిస్టేబుల్. దొర కుటుంబం చిట్టీ చదివి, గేటు కూడా తియ్యకుండా, వచ్చిన కారులోనే కోరుట్లలో వియ్యంకుడి ఇంటికి వెళ్లిపోయిందట. నా కళ్లు మాత్రం ఎండ మీదే ఉన్నాయి. అది ప్రహరీ దాటి లాన్ మీదికి దిగుతోంది. పరుగెత్తాను. "సార్, జల్ది లోపటికి పోనియ్యుండ్రి! ఎండ ముదిరితే మొత్తం కాలిపోతది!" జనం పది అడుగులు వెనక్కి జరిగారు. "నీకెట్ల తెలుసురా?" అన్నాడొక కానిస్టేబులు. "మందు పెట్టింది నేనే సార్!" అన్నాను, రొమ్ము విరిచి. అంత గర్వంగా చెప్పిన మాటకు అంత తొందరగా ఫలితం దక్కడం నా జన్మలో మళ్లీ లేదు. కాలరు ఆయన పిడికిట్లోకి పోయింది.

మందంటే వాళ్లు మందుపాతర అనుకున్నారని అప్పుడు వెలిగింది, భయమేసింది. ఆ రోజుల్లో ఠాణాకు తీసుకుపోయిన పిల్లల్లో కొందరు మళ్లీ ఇంటికి రాలేదు. హెడ్ కానిస్టేబుల్ మెల్లగా అడిగాడు: "ఏం మందు?"

"యూ... యూరియా, సార్."

ఆయన గేటు సందులోంచి చెయ్యి పెట్టి బాట మీది తెల్ల గింజలు రెండు తీసి, ఉమ్మితో అరచేతిలో రుద్దాడు. కరిగాయి. రైతుబిడ్డ అయ్యుంటాడు, మొహం ఒక్కసారి ఎర్రబడింది. "నీళ్లు లేకుంట యూరియా ఎవడన్న సల్తడారా, తెలివిలేనోడా! పో, మోటరెయ్యి!" నేను ఊరంతటినీ హడలగొట్టినందుకు కాదు, సేద్యం తప్పినందుకు ఆయనకు కోపం వచ్చింది.

సగం గడ్డి అప్పటికే మాడిపోయింది. మూడో రోజు దొర వచ్చాడు. సిరిసిల్ల బస్సు ఎన్నింటికో కనుక్కుని మరీ ఎదురు నిలబడ్డాను. "ఒక్క చిట్టీకి ఊరు ఇడిస్తి. నీ చిట్టీకి ఇల్లు గూడ ఇడిస్తి గదరా," అన్నాడు. ఆయన ఎదురొస్తే చెప్పులు చేతబట్టుకున్న ఇల్లు మాది. నా రాత చూసి ఆయన పారిపోయాడని విన్నప్పుడు లోపలెక్కడో తియ్యగా అనిపించిన మాట నిజం. ఆ మూడు రోజుల్లో పీక్కుపోయిన మొహం చూశాక ఆ తీపి నిలవలేదు, సిగ్గేసింది. ఆయన మాత్రం పంచె ఎగ్గట్టి మాడిన గడ్డి దగ్గర గొంతుక్కూర్చుని, పిడికెడు పట్టి లాగబోయాడు. "అరె, గట్ల గుంజకు! పైన మాడినా ఏరు బతికుంటది. ఎండింది మెల్లగ దియ్యి," అన్నాను. అన్నాక గాని తెలియలేదు: దొరను ఏకవచనంలో గద్దించాను.

ఆయన తల ఎత్తలేదు. ఎండిన పోచలు ఒక్కొక్కటే తీసి చూపించి, "గిట్లనా?" అన్నాడు.

"గట్లనే," అన్నాను, పెద్ద పంతులులా.

నెల తిరిగేసరికి గడ్డి లేచింది, డాక్టరు గారి లాన్ కూడా నాకే వచ్చింది. ఇరవై రెండేళ్ల ఆ పిల్లవాడి పొగరు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నా లాన్‌ల మీద ఇప్పుడు తప్పు పట్టేవాళ్లు లేరు. కానీ ఎవరితో మాట్లాడుతున్నానో మరిచిపోయేంతగా ఒక గడ్డిపోచ కోసం కంగారుపడి ఎన్నేళ్లయిందో!